నేను చూపించిన మనిషి

అప్ప నన్ను మొదటిసారి ముట్టుకోవడమే జుట్టు పట్టుకుని. ఫిషింగ్ హార్బర్‌లో, తెల్లారి ఆరు గంటలప్పుడు, వేలంపాట జోరుగా సాగుతోంది. అప్పటికే నా కింది పెదవి చిట్లి నోరంతా ఉప్పగా ఉంది. తగిలింది ఎవరి మోచెయ్యో, ఏ గంప అంచో చూసుకునే వ్యవధి కూడా లేకపోయింది. వంజరాల కుప్ప చుట్టూ చీరలు ఎగదోపి బిగించిన ఆడవాళ్ళు భుజానికి భుజం కలిపి నిలబడ్డారు. ఆ గుంపులోకి వెళ్ళేవాళ్ళు ఎవరి పక్కన నిలబడాలో, ఎవరి తర్వాత నోరు విప్పాలో ఒక పద్ధతి ఉంటుందని నాకు తెలియదు. దూరిపోయి, చెయ్యెత్తి, నా పాట నేను పాడబోయాను. మరుక్షణం తడి సిమెంటు మీద, చేపల జిగురులో వెల్లకిలా పడి ఉన్నాను. నా అరచేతి మీద ఎవరిదో పాదం. పైన అరుపులు ఆగలేదు. కింద మనిషి ఉందన్న సంగతి ఎవరికీ పట్టలేదు. అప్పుడొక చెయ్యి నా జడ దొరకబుచ్చుకుని బయటికి ఈడ్చేసింది.

"ఎవులే నువ్వు?"

యాభై అయిదేళ్ళుంటాయేమో. పొట్టి మనిషి, వెడల్పాటి భుజాలు. నా జడను ఇంకా వదల్లేదు. రెండో చేతికి చివరి రెండు వేళ్ళూ మొదలంటా లేవు.

"చేపలు కొనడానికొచ్చాను" అన్నాను.

"కొనడానికొచ్చేవా, సావడానికొచ్చేవా? ముందల ఆ నోరు కడుక్కో."

చేతిలో ఒక ఐసు ముక్క పెట్టి తిరిగి గుంపులోకి వెళ్ళింది. ఆమె వెళ్తుంటే ఆడవాళ్ళు పక్కకి జరిగారు. జెట్టీ అంతా ఆమెను అప్ప, అంటే అక్క, అనే పిలిచేది. నేనూ అలాగే పిలిచాను. ఈ రోజుకీ అంతే.

మాది ఎలమంచిలి దగ్గర వ్యవసాయ కుటుంబం. నేను చదువుకుని, వైజాగ్‌లో ఆరేళ్ళు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి, పెందుర్తిలో రెండు గదుల వాటాలో అద్దెకుండేదాన్ని. సముద్రం గంట దూరంలో ఉన్నా మా కాలనీ వాళ్ళు తినేది రెండు మూడు రోజులు ఐసులో నలిగిన చేప. పొద్దున్నే హార్బర్‌లో కొని, శుభ్రం చేసి, ముక్కలు కోసి, ఆఫీసు వేళకి ముందే ఇంటి గుమ్మంలో పెడితే ఎలా ఉంటుంది? ఆ ఆలోచనతోనే ఉద్యోగం మానేశాను. ఒక యాప్ చేయించాను. ఒక వ్యాను తీసుకున్నాను. మా వీధిలోనే ఉండే ఒకతను డ్రైవరుగా వచ్చాడు. అతన్ని అన్నయ్యా అనేదాన్ని.

అప్పకు ముందు నాకు ఇంకో మెంటర్ ఉండేవాడు. కొండ మీద కట్టిన అద్దాల మేడలో స్టార్టప్‌లకు చోటు ఇస్తారు. అక్కడ చేరినవాళ్ళని ఒక్కో పెద్దమనిషికి అప్పగిస్తారు. నాకు దొరికినాయన నెలకోసారి విమానంలో దిగేవాడు. మంచివాడే కానీ నోరు తెరిస్తే యుద్ధం. మార్కెట్ మీద దాడి చెయ్యాలి, పోటీదారుణ్ణి చంపెయ్యాలి, రక్తం కళ్ళచూడాలి అనేవాడు. "జెట్టీలో నాకెవరూ చేపలు అమ్మట్లేదు సార్" అని చెప్పుకుంటే, "అది చిన్న సమస్య. ఎవరినైనా పట్టుకోండి" అన్నాడు. పట్టుకోవడానికి వెళ్ళే పెదవి పగలగొట్టించుకున్నాను.

మర్నాడు మళ్ళీ వెళ్ళాను. మూడో రోజూ వెళ్ళాను. అప్ప నా వైపు చూడకుండానే తన గంపలు సర్దుకునేది. నాలుగో రోజు పాట అయ్యాక ఆమె ఎదురుగా కూర్చున్నాను.

"అప్పా, నాకు పని నేర్పు."

"నేర్పితే నాకేటి?"

"నీకేం కావాలో నువ్వే చెప్పు."

కాసేపు నా మొహం చూసింది. పెదవి మీద కుట్టు ఇంకా విప్పలేదు.

"మా పేట ఆడోల్లు ముగ్గురున్నారు. సేప కోత్తే నీ కళ్ళకి కత్తి ఆనదు. ఆళ్ళకి పనియ్యి. రెండోది, నా ముందల అబద్దమాడకు. ఆడితే సెంప పగిలిపోద్ది. సరేనా?"

సరేనన్నాను. అది మాటవరసకన్న మాట అనుకున్నాను.

ఆమెకు చదువు రాదు. కానీ నా యాప్‌లో వచ్చే ఫిర్యాదులన్నీ రోజూ పైకి చదివించుకునేది. పాట అయిపోయాక, బోట్ల నీడలో బోర్లించిన తట్ట మీద కూర్చుని, "సదువు" అనేది. ముక్కలు మెత్తగా ఉన్నాయని ఒకరు రాస్తే, "ఐసు నీరు ఒంపనేదు. రెండో బాక్సు" అనేది. వెళ్ళి చూస్తే రెండో బాక్సే. పన్నెండు రకాలు అమ్ముతున్నదాన్ని నాలుగు రకాలకి కుదించింది. "నీ కాడ అన్నీ ఉన్నాయంటే ఏదీ బాగునేదని" అంది. చేప మొప్ప ఎత్తి చూడ్డం ఎవరైనా నేర్పుతారు. ఏ బోటు ఎన్ని రోజులు లోపల ఉంది, బోటు నడిపే సరంగుకీ వల లాగే కళాసీలకీ మధ్య గొడవలేమైనా ఉన్నాయా అని ముందు అడగమని ఆమె నేర్పింది. గొడవ పడ్డ బోటులో చేపని సరిగ్గా ఐసులో పెట్టరట. మూడు నెలల్లో గుంపులో నాకూ నిలబడే చోటు దొరికింది. మోచేతులు తగలడం మానలేదు. నేనూ నా మోచెయ్యి వాడ్డం నేర్చుకున్నాను. ఒకరోజు నా మోచేతి దెబ్బకి ఒకావిడ ముక్కులోంచి రక్తం కారింది. అప్ప చూసి ఏమీ అనలేదు. ఆ ఏమీ అనకపోవడం నాకు మెచ్చుకోలులా అనిపించింది. ఇంటికెళ్ళి అద్దంలో నన్ను నేను చూసుకుని నవ్వుకున్నాను కూడా.

వేళ్ళ సంగతి ఒక వానరోజు తనే చెప్పింది. బోట్లు కదలని రోజది.

"నాను మొదటిపాలి పాటకొచ్చిన్నాడు మా ఆయన కత్తట్టుకుని ఎనకాలే ఒచ్చేడు. ఆడదానికి పాటేటని. ఎత్తిన సెయ్యి మీదే యేసేడు. ఈ రెండూ ఆ కుప్పలోనే పడిపోయేయి."

"తర్వాత?"

"తర్వాతేటి. కొంగు సుట్టుకుని పాట పూర్తి సేసేను. ఇంటికెల్లి తెడ్డుతోటి ఆడి బుజం ఇరగ్గొట్టేను. అక్కడ్నుంచి ఇరవయ్యేళ్ళు కాపరం సేసేం. మరెప్పుడూ నా మీద సెయ్యెత్తనేదు."

గర్వమేమీ లేకుండా, కూర వండిన పద్ధతి చెప్పినట్టు చెప్పింది. ఆమె బతుకులో దెబ్బ ఎప్పుడూ పని చేసింది. పని చేసిందాన్ని ఎవరు మాత్రం అనుమానిస్తారు? నేను ఆమె దగ్గర వ్యాపారంతోపాటు ఆ నమ్మకం కూడా నేర్చుకుంటున్నానని నాకు అప్పుడు తట్టలేదు.

నా చెంప కూడా ఒకసారి పగిలింది. ఒక ఆదివారం వంజరం మిగిలిపోతే సోమవారం దాన్నే ఇవాళ్టి చేప అని పంపేశాను. మంగళవారం ఫిర్యాదులు చదువుతూ ఒకటి దాటేశాను. వ్యాను పక్కన నిలబడ్డ అన్నయ్య తల దించుకున్నాడు. అప్ప అతని మొహం చూసింది, నా మొహం చూసింది.

"ఏటి దాసేవు?"

"ఏం లేదప్పా."

ఆ దెబ్బకి నా చెవిలో చాలాసేపు మర తిరుగుతున్నట్టు మోత. కోసే ఆడవాళ్ళు ముగ్గురూ చూస్తున్నారు. అన్నయ్య చూస్తున్నాడు. కూర్చున్న తట్ట మీంచి కింద పడ్డాను. లేచి, కళ్ళలో నీళ్ళతో, ఆ ఫిర్యాదు పైకి చదివాను.

"ఇపుడు ఆ ఇంటికి ఫోన్ సెయ్యి. నిన్నటి సేప ఇచ్చేనని సెప్పు."

చేశాను. ఆ కస్టమరు ఇప్పటికీ మా దగ్గరే కొంటోంది. అద్దాల మేడలో ఈ సంగతి చెబితే నన్ను పోలీసుల దగ్గరికి వెళ్ళమనేవాళ్ళు. నాకు మాత్రం ఆ రోజు ఆమె మీద కోపం రాలేదు. ఆ రాకపోవడం గురించి ఇప్పుడు ఆలోచిస్తాను.

రెండో ఏడాదికి మాకు మూడు వ్యాన్లయ్యాయి. గాజువాక నుంచి పెందుర్తి దాకా తిరిగేవి. అప్పుడు మొదలైంది. పూర్ణా మార్కెట్లో ఒక హోల్‌సేల్ వ్యాపారి ఉండేవాడు. హోటళ్ళకీ చిన్న దుకాణాలకీ చేప వేసేది అతనే. మా కాలనీలకి చేప పంపే దుకాణాలు అతని మీద ఆధారపడ్డవి. మొదట అతని దగ్గర్నుంచి కబురు వచ్చింది, హార్బర్ దాటి రావద్దని. తర్వాత వ్యాను టైర్లు కోశారు. తర్వాత మా ఐసు బాక్సుల్లో ఫినాయిలు పోశారు. అప్ప విని, "కుక్క మొరుగుతాది. కరిసినపుడు సూద్దుం" అంది.

కరిచింది. వర్షాకాలం, పొద్దున్న ఏడు గంటలు. అన్నయ్య వ్యాను హార్బర్ రోడ్డు మలుపు తిరిగింది. వెనక వందడుగుల దూరంలో నేను స్కూటీ మీద ఉన్నాను. ఒక తోపుడుబండి అడ్డంగా వచ్చి ఆగింది. పసుపురంగు రెయిన్‌కోట్లు వేసుకున్న ముగ్గురు. ఒకడు తలుపు లాగాడు. ఒకడు అన్నయ్యని కాలరు పట్టి కిందికి గుంజాడు. మూడోవాడి చేతిలో తట్టలు లాగే ఇనప కొక్కెం. దాని వెనక వైపుతో మొహం మీద కొట్టాడు. అన్నయ్య చేతులు అడ్డం పెట్టుకున్నాడు. మళ్ళీ కొట్టాడు. చేతులు జారిపోయాయి. మళ్ళీ కొట్టాడు. బాక్సులు రోడ్డు మీద పగలగొట్టి చందువ చేపల్ని కాళ్ళతో తొక్కారు. తొక్కాల్సిన అవసరం లేదు, అవి ఎలాగూ పనికిరావు. అయినా తొక్కారు. బూట్ల కింద అవి చిట్లడం నాకు కనబడుతోంది.

నేను బండి దిగలేదు.

రెండు చేతులూ హ్యాండిల్ మీదే ఉన్నాయి. హారన్ కూడా కొట్టలేదు. మనిషి దవడ విరుగుతుంటే చూస్తూ కూర్చున్నాను. వాళ్ళు వెళ్ళిపోయాక దిగాను. అన్నయ్య నోట్లోంచి రెండు పళ్ళు వానలో కొట్టుకుపోయాయి. నన్ను చూసి ఏదో అనబోయాడు. దవడ మాట వినలేదు.

ఆసుపత్రిలో దవడకి తీగలు వేసి బిగించారు. పోలీసులకి కంప్లయింటు ఇచ్చాను. ఎవరినైనా గుర్తుపడతారా అని కానిస్టేబులు అడిగితే, "గుర్తుపడతాను" అన్నాను. నిజానికి నాకు గుర్తున్నది పసుపురంగు. ఆ సంగతి ఒప్పుకుంటే ఎంత దూరంలో కూర్చున్నానో, ఏం చేస్తూ కూర్చున్నానో కూడా చెప్పాల్సి వస్తుంది.

అప్ప వార్డులోకి వచ్చి అన్నయ్య మొహం చూసింది. అతని దుప్పటి సరిచేసింది. బయటికొచ్చాక అంది:

"కంప్లయింటు సరే. రేపు మార్కెట్టుకి ఎల్దుం."

"ఎందుకప్పా?"

"కరిసింది గదే."

వద్దని అనాలి. అనలేదు. ఆ రాత్రంతా నాకు నిద్ర పట్టలేదు కానీ భయంతో కాదు. ఎప్పుడు తెల్లారుతుందా అని.

మర్నాడు పదిన్నరకి పూర్ణా మార్కెట్లో దిగాం. అప్ప చేతిలో గోనెసంచి. అందులో ఐసు దిమ్మలు పగలగొట్టే చెక్క సుత్తి. చేపల వరసలో జనం కిటకిటలాడుతున్నారు. వ్యాపారి దుకాణంలో లేడు. ముందు భాగంలో ఒక మనిషి మొద్దు మీద చేప కోస్తున్నాడు. ముప్పై అయిదేళ్ళుంటాయి. వంటి మీద పసుపురంగు రెయిన్‌కోటు.

నా ఒళ్ళంతా వేడెక్కింది. వెతుకుతున్నది దొరికిందన్న సంతోషం లాంటిది.

"ఈడే అప్పా" అన్నాను.

అప్ప నా మోచెయ్యి పట్టుకుని ఆపింది. "సరిగ్గా సూసి సెప్పు. ఈడేనా?"

"ఈడే. నాను కళ్ళారా సూసేను."

ఎన్నో ఏళ్ళ తర్వాత నా నోట్లోంచి మా ఊరి మాట వచ్చింది. ఆమె ఇంకేమీ అడగలేదు. సుత్తి తీసుకుని సంచి కింద పడేసింది. అతను చేపని ఎడమ చేత్తో సర్ది, కత్తి పక్కన పెట్టి, కుడిచేయి మొద్దు మీద ఆనించాడు, నీళ్ళు అందుకోవడానికి కాబోలు. సుత్తి ఆ చేతి మీద పడింది.

ఆ చప్పుడు గురించి నేను ఎవరికీ చెప్పలేదు. పచ్చి కొమ్మ విరిచినట్టు ఉంటుందంటారు. అలా లేదు. ఐసులా ఉంది. చేతి లోపల ఐసు పగిలినట్టు. రెండో దెబ్బ కూడా పడింది. ఒక్క క్షణం నేను సంతోషించాను. నిన్న నేను దిగని బండి ఇవాళ దిగాననిపించింది. ఈ వాక్యం రాయడానికే ఇదంతా రాస్తున్నానేమో.

"నానేటి సేసేనమ్మా! నానేటి సేసేను!" అని అరుస్తున్నాడు. ఎదురు తిరగలేదు, తిట్టలేదు. అదే మాట. వాడి చెయ్యి మొద్దు మీదే ఉండిపోయింది, తనది కానట్టు.

తర్వాత జనం మా మీద పడ్డారు. పక్క దుకాణం వాడు తక్కెడ పళ్ళెంతో అప్ప నుదుటి మీద కొట్టాడు. నన్ను పడదోసి తన్నారు. చెప్పులు, మోకాళ్ళు, చేప పేగులు. నా పక్కటెముక ఒకటి విరిగిందని తర్వాత తెలిసింది. పోలీసులు వచ్చి మా ఇద్దర్నీ జీపెక్కించేటప్పటికి అప్ప ముఖమంతా రక్తం, కనుబొమ్మల మీంచి గడ్డం దాకా.

స్టేషన్లో ఆమె ఎస్సై ముందు నిలబడి, "ఈ గుంటకేటీ తెల్దు బాబూ. దారిలో కలిసింది. కొట్టింది నాను. ఆడేననుకుంది నాను" అంది.

నేను నోరు మెదపలేదు. సాక్షిగా సంతకం చేయించుకుని నన్ను పంపేశారు. ఆమెను రిమాండుకి పంపారు.

మూడో రోజు అన్నయ్య దగ్గరికి వెళ్ళాను. అతను మాట్లాడలేడు, తీగల మధ్యనుంచి గంజి తాగుతున్నాడు. మార్కెట్లో ఎవరో తీసిన వీడియో అప్పటికి అందరి ఫోన్లలో తిరుగుతోంది. "నిన్ను కొట్టినవాణ్ణి చూడు" అని నా ఫోను అతని ముందు పెట్టాను. ఎంత గర్వంగా పెట్టానో. అతను చూశాడు. మళ్ళీ చూశాడు. తల అడ్డంగా ఊపి, పక్కనున్న మందుల చీటీ వెనక పెన్నుతో రాశాడు: ఇతను కాదు.

"సరిగ్గా చూడన్నయ్యా."

ఆ రాసిన దాని కింద గీత గీశాడు. ఇంకోటి గీశాడు. ఆ ముగ్గురిలోనూ ఇతను లేడని రాశాడు.

ఆ దుకాణంలో పని చేసేవాళ్ళందరికీ యజమాని అవే రెయిన్‌కోట్లు కొనిచ్చాడట. ఆ సంగతి మార్కెట్లో ఎవరిని అడిగినా చెప్పేవాళ్ళు. నేను అడగలేదు.

ఆసుపత్రి మెట్ల మీద ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. లేచి స్టేషన్‌కి వెళ్ళి ఎస్సైతో చెప్పాను. చూపించింది నేనని, తెలియకుండా చూపించానని, అంతకు ముందు రోజు బండి దిగలేదని కూడా. ఆయన రాస్తున్న పెన్ను పక్కన పెట్టాడు.

"ఆవిడ మిమ్మల్ని బయట పడేసింది. మీరు మళ్ళీ లోపలికొస్తున్నారు. ఆలోచించుకున్నారా?"

"ఆలోచించే వచ్చాను."

రెండో ముద్దాయిగా రాశారు. నాకు బెయిలు దొరికింది, అప్పకి ఇంకా దొరకలేదు. జైల్లో ములాఖత్‌కి వెళ్ళాను. ఇనప వలకు అటు నిలబడి ఆమె నన్ను చూసిన చూపు ఏ సుత్తికీ తీసిపోదు.

"బుర్ర నేదేటే నీకు? నాను నిన్ను తప్పించేను గదే. ఎందుకు ఒచ్చి ఇరుక్కున్నావు? కంపినీ ఎవులు సూత్తారు?"

"అప్పా, వాడు కాదు."

"ఎవుడు కాదు?"

"మనం కొట్టినవాడు. అన్నయ్య చూసి చెప్పాడు. వాడు అక్కడ లేనే లేడు."

ఆమె వల పట్టుకుంది. ఉన్న మూడు వేళ్ళూ తెల్లబడ్డాయి. నుదుటి మీద కుట్లు ఇంకా పచ్చిగా ఉన్నాయి. తగ్గు గొంతుతో అంది:

"సరిగ్గా సూసి సెప్పమన్నానే నిన్ను."

"అవునప్పా."

"సూసేనన్నావు."

"అన్నాను."

నన్ను తిట్టలేదు. వల లేకపోతే కొట్టేదో లేదో తెలియదు. "నా సేతిలో సుత్తి ఉంది. అడగాల్సింది నిన్ను కాదు, ఆడ్ని. నువ్వెవుడివిరా, నిన్న పొద్దుట యాడున్నావురా అని ఆడ్ని అడగాల" అని, నా వైపు వీపు తిప్పేసుకుంది. టైము అయిపోకముందే లోపలికి వెళ్ళిపోయింది.

ఆ మనిషిని చూడ్డానికి పెద్దాసుపత్రికి వెళ్ళాను. అతని భార్య నన్ను గుర్తుపట్టి, చేతిలో ఉన్న స్టీలు గ్లాసు విసిరింది. భుజానికి తగిలింది. నా మీదికి వచ్చి రెండు చేతులతో మొహం రక్కింది. నేను కదల్లేదు. నర్సు వచ్చి విడదీసింది. మంచం మీంచి అతను అన్నాడు:

"ఒగ్గీయే. ఆవిడని ఒకటి అడగాల." నా వైపు తిరిగాడు. "అమ్మా, నువ్వు నన్ను నిజంగా సూసేవా ఆ రోజు?"

"లేదు."

"మరి ఏటని సూపించేవు?"

జవాబు చెప్పడానికి సిగ్గేసింది. రెయిన్‌కోటు అన్నాను. అతను కట్టు కట్టిన చేతిని దుప్పటి మీదికి జరుపుకున్నాడు. ఆ చేతికి రెండుసార్లు ఆపరేషను చేశారు. చూపుడువేలూ మధ్యవేలూ మాత్రం ఇప్పటికీ ముడుచుకోవు. కత్తి పట్టలేడు.

అన్నయ్యని కొట్టినవాళ్ళలో ఇద్దరు తర్వాత దొరికారు. హోల్‌సేల్ వ్యాపారే పంపాడని చెప్పారు. అతను లోపలికెళ్ళి బయటికొచ్చాడు, దుకాణం నడుపుకుంటున్నాడు. ఆ కేసు వేరే నడుస్తోంది. అన్నయ్య మళ్ళీ మా దగ్గరికి రాలేదు, స్కూలు వ్యాను తోలుకుంటున్నాడు. నేను కంపెనీని నాలుగు నెలలు మూసేసి, ఒక్క వ్యానుతో మళ్ళీ తెరిచాను. అద్దాల మేడ వాళ్ళు నా పేరు తమ జాబితాలోంచి తీసేశారు.

అప్ప బెయిలు మీద బయటికొచ్చాక వారం రోజులు జెట్టీకి రాలేదు. వచ్చిన రోజు నేను ఆమె పక్కన నిలబడాలా, దూరంగా నిలబడాలా తెలియక తటపటాయిస్తుంటే, తనే కొంచెం పక్కకి జరిగి చోటిచ్చింది. పాట అయ్యాక తట్ట మీద కూర్చుని "సదువు" అంది. చదివాను. ఆ తర్వాత చాలా నెలలు చేపల మాటలు తప్ప ఇంకేమీ మాట్లాడుకోలేదు.

వాయిదాలకి ముగ్గురం ఒకే కోర్టు వరండాలో కూర్చునేవాళ్ళం. అతను ఆ చివర, మేం ఈ చివర. రాజీకి అతను ఒప్పుకోలేదు. మా లాయరు ఎన్ని విధాల అడిగించినా ఒప్పుకోలేదు. ఒక వాయిదాకి తనే లేచి మా దగ్గరికి వచ్చాడు. అప్ప నిలబడింది.

"నా సెయ్యి పోయింది సరే. మార్కెట్లో నా మాటేటో తెలుసా మీకు? ఆడు ఎవుడ్నో కొట్టేడంట, అందుకే కొట్టేరంట అంటన్నారు. మా గుంటల్ని ఇస్కూల్లో రౌడీ పిల్లలంటన్నారు. ఆ వరసలోకొచ్చి, అందరి ముందల, ఈడు కాదని సెప్పండి. అపుడు సంతకం ఎడతాను."

అప్ప ఒక్క క్షణం కూడా ఆగలేదు. "ఎప్పుడు రమ్మంటావు నాయినా?"

ఆదివారం రమ్మన్నాడు, జనం ఎక్కువుండే వేళ. వెళ్ళాం. వరస మధ్యలో నిలబడ్డాం. ఆ రోజు మమ్మల్ని తన్నినవాళ్ళు చాలామంది ఉన్నారు. కత్తులు ఆగిపోయాయి. అప్ప ముందు చెప్పింది: "ఈ బాబు ఎవుల్నీ కొట్టనేదు. నాను ఈ సేతుల్తో ఆడి సెయ్యి ఇరగ్గొట్టేను. తప్పు నాది." ఎవరో ఉమ్మేశారు. అది ఆమె కాలి దగ్గర పడింది. ఆమె కాలు తీయలేదు.

నా వంతు వచ్చింది. నేను చూడలేదని, చూశానని అబద్ధం చెప్పానని, ఈ మనిషికి ఏ పాపమూ తెలియదని చెప్పాను. వెనకనుంచి పేగుల తట్టలోని నీళ్ళు ఎవరో నా మీద చల్లారు. నవ్వులు లేచాయి. నేను మొహం తుడుచుకోబోతుంటే అతను పక్కనుంచి అన్నాడు:

"ఇంకోపాలి సెప్పు. గట్టిగా. ఆ సివర్నున్నోల్లకి ఇనబడనేదు."

చెప్పాను. గొంతు పగిలేలా చెప్పాను. చివరి దుకాణం దాకా వినబడింది. ఎవరూ నవ్వలేదు ఈసారి.

తర్వాతి వాయిదాకి అతను రాజీ కాగితం మీద ఎడమచేత్తో సంతకం పెట్టాడు. ఇప్పుడు ఒక అపార్టుమెంటులో వాచ్‌మన్. ఆ అపార్టుమెంటులో మా కస్టమర్లు నలుగురున్నారు. వ్యాను వెళ్తే అతనే గేటు తీస్తాడు. నేను వ్యానులో ఉన్న రోజు మాత్రం నా మొహం వైపు చూడడు.

అప్పకి ఈ మధ్య మోకాళ్ళు పట్టేస్తున్నాయి, పాటలో ఎక్కువసేపు నిలబడలేకపోతోంది. సగం పాట నేనే పాడుతున్నాను.